మాట యాడికి పోయినాది

కర్నూలు మార్కెట్ యార్డులో
ఉల్లిగడ్డ లెక్క రాసేది నేను.
తూకం, ధర, హమాలీ, కమీషన్,
అన్ని కోతలూ పోంగా రైతుకు మిగిలేది.
రాత్రి పదకొండుకు నా ప్రోగ్రాం
డేటాబేస్ కడుపులో లేచి
తెల్లారేలోగా అందరి ఖాతాలూ తిరిగొస్తాది.

మొదట్లో సరిగ్గా నడిచేది కాదు.
యాడ ఆగిపోతాందో పట్టుకుందామని
మధ్య మధ్య ఒక్కో మాట పెట్టినా:
'ఇక్కడికొచ్చినా.'
'తూకం దాటినా.'
'ఇంగ పైసలే.'
స్క్రీన్ ముందర కూచున్నా,
పొట్లంలో ఉగ్గాని చల్లారిపోయేదాకా.
ఒక్క మాటా పడలా.
చివర్లో ఒకటే ముక్క: పని అయిపోయింది.

లెక్క తప్పలేదు గదా, ఇంగేమని వదిలేసినా.
మాటలు పుట్టకుండానే పోతాండాయనుకున్నా.
ఆ ప్రింట్ లైన్లు తీసెయ్యడం
మర్చేపోయినా.

శ్రావణంలో ఒక దినం అంతా నిలబడిపోయె.
వేలం ఆగె. కాటా గుడ్డిదాయె.
లారీలు నంద్యాల చెక్‌పోస్టు దాకా.
ఆకాశం నల్లగుంది, గడ్డ తడిస్తే కుళ్లుతుంది,
గేటు కాడ ఒకటే అరుపులు.
డిస్క్ నిండిపోయిందంట.

సర్వర్ ఉండేది నా గదిలో కాదు.
కాటా వెనక, గోనెసంచుల గోదాం పక్క,
ఏసీ నీళ్లు బకెట్లోకి కారే ఇరుకు గది.
తాళం మద్దిలేటన్న దగ్గర.
పొద్దున ఊడ్చి, బకెట్ పారబోసి,
లైట్లు వెలుగుతాండాయా లేదా చూసి పోతాడు.
ఏడేండ్లలో నేను రెండు తూర్లు పోయింటా.

'మ్మా, ఇవి నీ మాటల్లెక్క ఉండాయి, సూడు.'

ఒకటే ఫైలు. దిగేకొద్దీ దిగుతాంది.
ఇక్కడికొచ్చినా. తూకం దాటినా. ఇంగ పైసలే.
ఇక్కడికొచ్చినా. తూకం దాటినా. ఇంగ పైసలే.
బస్తాకు మూడు మాటలు, తొమ్మిది నెల్ల బస్తాలు.
రాసింది ఆ గదిలో,
నడిచింది ఈ గదిలో,
నడిచిన చోటనే పలికింది.
చేన్లో కూలామె ఎండకు 'అబ్బా' అంటే
ఊర్లో ఆసామి చెవిన పడతాదా?
గట్టు వింటాది.

ఖాళీ చేద్దామని డిలీట్ మీదికి చెయ్యి పోతే
మద్దిలేటన్న ఆపినాడు.
'ఈ పేరేందిమ్మా, దినామూ ఉండాది?'

'బోయ ఉరుకుందు, హొళగుంద.
ఖాతా నంబర్లో ఒక అంకె తక్కువ. దాటి పోతాండా.'

ఆ మాటా నేను రాసిందే.
తప్పుంటే చెప్పి ముందుకు పో, అని.
చెప్పింది.
రెండు వందల అరవై మూడు రాత్రులు,
నేనే లెక్కబెట్టినా, వేలితో, స్క్రీన్ మీద.
నలభై ఒక్క బస్తా గడ్డ.
పేరు పెట్టి, ఊరు పెట్టి
ఏసీ నీళ్లకు చెప్పింది.
నాకు మాత్రం, పని అయిపోయింది.

ఫోన్ చేస్తే ఉరుకుందు తిట్టలా.
తిట్టింటే బాగుండు.
'నాలుగు తూర్లు వచ్చినా మ్మా.
కంప్యూటర్లో ఏం తప్పు లేదు పో అన్నారు.
లేదేమోలే అనుకున్నా.'

ఇప్పుడు తప్పులన్నీ ఒక పట్టికలో రాసుకుంటాది.
చాయ్ కంటే ముందు అదే చదువుతా.
కొన్ని దినాలు ఏమీ ఉండదు.
ఉన్న దినం చాయ్ తాగబుద్ధి కాదు.

ప్రింట్ లైన్లన్నీ తీసేసినా,
ఒకటి తప్ప.
ఎందుకుంచినానంటే చెప్పలేను.
రాత్రి అందరూ పోయినాక, గోనెల వాసనలో,
పచ్చ లైటు కింద, ఎవురూ లేని గదిలో
'ఇక్కడికొచ్చినా' అంటాది, ఒకే ఒక తూరి.
పొద్దున చీపురు పక్కన బెట్టి
మద్దిలేటన్న ఫోన్ చేస్తాడు:
'వచ్చిందంటమ్మా.'