కొసన మెలిక

నైలానుకి జ్ఞాపకం ఎక్కువ.
రీలు మీద ఎన్ని నెలలు చుట్టుకు పడుకుందో
విప్పినా ఆ సున్నాల్లోనే నడుస్తుంది.
గాలం కంట్లోంచి దూర్చి
దాని మీదే దాన్ని ఐదుసార్లు తిప్పి
కంటి పక్క సందులోంచి, మళ్ళీ కొత్త ఉచ్చులోంచి
కొసని వెనక్కి తెచ్చి
ఆగు. ఇక్కడ లాగకు.
ముందు ఉమ్ము.

పీకూ దీవిలో, లాజెస్ రేవు పక్క కొట్లో
దియొలిందా పిన్ని నేర్పిన మొదటి పాఠం అది.
ఆవిడ ముందు పంటికి గాడి ఉండేది
నలభై ఏళ్ళు దారాలు కొరికిన గాడి.
"పొడి ముడి ఒరుసుకుని లోపలే కాలుతుంది.
కాలిన చోటు నీకు కనబడదు,
చేపకి తెలుస్తుంది."

అల్లిక దారం వేరే జాతి.
ఎనిమిది పోగులు జడలా పెనవేసుకుని
సాగదు, జాలిపడదు, పాములా జారుతుంది.
ఐదు చుట్లంటే దానికి నవ్వులాట.
రెండు పేటలుగా మడిచి కంట్లోంచి పంపి
వదులుగా ఒక ముడి వేసి
ఆ ఉచ్చులోంచి గాలాన్నే దాటించాలి,
నిద్రపోయిన పిల్లని గుమ్మం దాటించినంత మెల్లగా.

ఉక్కు తీగకి ముడే లేదు.
అంశోవా పళ్ళకి భయపడి వాడతాం గానీ
దాన్ని బతిమాలలేం, మెలిపెట్టాలంతే.

ఇక ఫ్లోరోకార్బన్.
నీళ్ళలో కనబడదు. గాజులా బిరుసు.
తొందరపడేవాడి చేతిలో ముడి పడినట్టే ఉంటుంది,
పడదు.

అక్టోబరు, పొద్దు వాలే వేళ.
నల్లటి లావా బండ మీద మా అక్క మొగుడు బెల్మీరో
కళ్ళద్దాలు ఇంట్లో మరిచి వచ్చాడు.
"కాస్త కట్టిపెట్టు" అని గాలం నా చేతికిచ్చాడు.
ఎదురుగా నీళ్ళు ఉడుకుతున్నాయి,
చిన్న చేపలు గాల్లోకి చిమ్ముతున్నాయి.
నా నోట్లో సిగరెట్టు.
రెండే రెండు చుట్లు తిప్పాను.
ఉమ్మలేదు.

లీరియో పట్టింది.
పన్నెండు నిమిషాలు కర్ర వంగి వంగి మూలిగింది.
బావ మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు.
ఒక్కసారి అది పక్కకి తిరిగింది,
తేనెరంగు చార, తలుపంత ఒళ్ళు.
తర్వాత
దారం తేలికైపోయింది.

తెగిన దారానికి కొస చింపిరిగా ఉంటుంది.
జారిన ముడికి కొస
పంది తోకలా మెలి తిరుగుతుంది.
తీరం చేరిన దాన్ని ముందు పట్టుకున్నది నేను.
"నాసిరకం దారం, బావా" అన్నాను.
చాకుతో ఆ అంగుళం కోసి జేబులో వేసుకున్నాను.

మర్నాడు బెల్మీరో ఆ దారపు ఉండని
దియొలిందా బల్ల మీద విసిరికొట్టాడు.
ఆవిడ వాదించలేదు, కొత్తది ఊరికే ఇచ్చింది.
నా వైపు తిరిగి,
"కొస ఏదీ?" అంది.
"సముద్రంలో" అన్నాను.
గాడి పంటి మీద నాలుక ఆడించి
చిల్లర డబ్బా సర్దుకుంది.
ఆ తర్వాత నాకు కొత్త ముడి ఏదీ నేర్పలేదు.

తొమ్మిదేళ్ళు.
దగ్గు బిళ్ళల డబ్బాలో ఉంది ఆ అంగుళం.
అప్పుడప్పుడు తీసి గోళ్ళ మధ్య సాగదీస్తాను.
వదలగానే
మళ్ళీ తన మెలికలోకి పోతుంది.

బావ వేళ్ళు ఇప్పుడు వణుకుతాయి.
ఆయన గాలాలన్నీ నేనే కడతాను.
బండ మీది కుర్రాళ్ళతో గొప్పగా చెబుతాడు
"మా బావమరిది ముడి జారడం నేనెరగను.
ఆ ఒక్కసారీ దారమే మోసం చేసింది."

ఈ వేకువ టార్చి పట్టుకుని నా పక్కన కూచున్నాడు.
ఐదు చుట్లు. కంటి పక్క సందు. కొత్త ఉచ్చు.
పెదవుల దాకా తెచ్చి ఆగాను.
నోరు పిడచకట్టుకుపోయింది.
"ఏమిట్రా ఇంతసేపు?" అంటాడు
వెలుగు నా మొహం మీదికి తిప్పి.