మూడో బోల్టు

పాలకొల్లు లాకుల దిగువన, కాలవ గట్టు మీద మా షెడ్డు.
మిల్లు వారి అంబాసిడరు
ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని వచ్చింది.

బోనెట్ ఎత్తితే ముందు వాసన.
వరద తీసిన ఇంట్లో మూడోనాడు వచ్చే వాసన.
బ్యాటరీ కింద ఎలక కాపురం:
వడ్ల ఊక, సగం కొరికిన హారన్ వైరు,
ఎవరిదో శుభలేఖ ముక్క, అంచున పసుపు ఇంకా పోలేదు.
రేడియేటరు రెక్కల సందున ఎండిన ఒండ్రు,
గోటితో గీస్తే గీసినంత మేరా రాలింది.
ఏ ఏటి వరదో చెప్పలేం.
ఈ బండి చాలా గోదార్లు చూసింది.

"పైపైన కడిగి నల్లరంగు కొట్టెయ్ బాబాయ్, మెరవాలంతే"
అన్నాడు మిల్లు కుర్రాడు.
ఆయ్, అన్నాను.

కార్బొరేటరు మూతికి గుడ్డ కట్టాం.
డిస్ట్రిబ్యూటరుకి పాలిథిన్ సంచీ తొడిగాం,
తలంటికి ముందు పసివాడి చెవుల్లో దూది పెట్టినట్టు.
కిరసనాయిలు ఇప్పుడెక్కడిది, డీజిలే.
ఇనప బ్రష్షు తెచ్చాడు ఏసుపాదం. పక్కన పడెయ్యమన్నాను.
కొబ్బరిపీచు చాలు మనకి,
లోహాన్ని గీరదు, జిడ్డుని వదలదు.
బ్యాటరీ కొనల మీద పూసిన పచ్చటి బూజుకి
వేణ్ణీళ్ళలో వంటసోడా.
బుసబుసా పొంగి, చల్లారి,
సీసం తన బూడిదరంగులోకి తిరిగొచ్చింది.

జిడ్డంతా ఒకటి కాదు.
పైది వేలికంటుతుంది.
దాని కిందది తారు, పుల్లతో గీకాలి.
అడుగుది పొలుసు. పొలుసు కింద ఏముందో
పెట్టినవాడికే తెలుసు.

నాకు తెలుసు.

ఇదే షెడ్డు, ఇదే బండి, నాకు పద్నాలుగేళ్ళు.
వాటర్ పంపు మూడో బోల్టు వంకరగా దిగింది.
తిరగనంటోంది.
పానాకి పైపు తొడిగి వేలాడాను.
లోపల మర నలిగిన చప్పుడు పంటిలో వినపడింది.
సబ్బుముక్క కుక్కి, పైన గ్రీజు మెత్తి,
అయిపోయింది మేస్త్రీ అన్నాను.
సిలారు మేస్త్రి బీడీ ఆర్పి చూశాడు. సరే అన్నాడు.

ఆ తర్వాత బండి ఎప్పుడొచ్చినా
ముందు దాని కింద నేల చూసేవాణ్ణి.
చుక్క లేదు.
నా అదృష్టం అనుకున్నాను ముప్పై ఎనిమిదేళ్ళు.

ఇవాళ పీచు ఆగింది మూడో బోల్టు దగ్గర.
తుడిచాను. మళ్ళీ తుడిచాను.
ఇది నా బోల్టు కాదు.
ఒక సైజు పెద్దది. మర కొత్తగా కోసి దింపింది.
పెద్ద బోల్టుకి తలా పెద్దదే ఉండాలి కదా,
లేదు. ఆరు పక్కలా ఆకురాయితో అరగదీసి
మిగతా మూడింటి కొలతకి తెచ్చారు,
అదే అరంగుళం పానా పట్టేలా,
పట్టినవాడికి తేడా తెలియకుండా.
ఆకురాయి గీతలు కుడి నుంచి ఎడమకి వాలి ఉన్నాయి.
మేస్త్రిది పుర్రచేతి వాటం.

అప్పుడు గుర్తొచ్చింది,
ఈ బండికి పంపు పని పడినప్పుడల్లా
నన్ను టీకి పంపేవాడు.
గుర్తొచ్చింది, ఆ వారంలోనే
ఎవరితోనో అన్నట్టు గాలిలోకి అన్నమాట:
"ముందు చేత్తో తిప్పాలి, మూడు చుట్లు.
చెయ్యి ఒప్పుకున్నాకే పానా."

ఆయన పోయి పదకొండేళ్ళు.
తిట్టి ఉంటే ఆ పూటే మర్చిపోయేవాణ్ణి.

ఏసుపాదానికి చెప్పాను అంతా. ఎందుకు చెప్పానో.
పీచు పిండుతూ విన్నాడు.
"అయితే ఇప్పుడు దాన్ని విప్పాలా, వద్దా?"
వద్దురా.

రంగు కొట్టేటప్పుడు ఆ తల మీద టేపు ముక్క అంటించాను.
మిల్లు కుర్రాడు వచ్చి, వంగి, చూసి
"అన్నీ మెరుస్తున్నాయి, అదొక్కటీ?" అన్నాడు.
అది మెరవక్కర్లేదు అన్నాను.

రెండో సెల్ఫుకి అందుకుంది ఇంజను.
కాలవ అవతల కొంగలు లేచాయి.
పంపు కింద చెయ్యి పెట్టి చూశాను, అలవాటు కొద్దీ.
పొడిగానే ఉంది.
ఇంకాసేపు అలాగే పెట్టి ఉంచాను.