సర్వరు డౌను

మా రాజాంలో సర్వరంటే ఎవరికీ కొత్త కాదు.
రేషను షాపు దగ్గర వేలు తుడుచుకుని మళ్లీ పెట్టినవాళ్లందరూ ఎరుగుదురు.
ఎక్కడుంటుందో తెలీదు గానీ
ఎప్పుడు పడిపోతుందో తెలుసు.
ఒకటో తారీఖున పడిపోతుంది.
అర్జీ పట్టుకుని మనం మెట్లెక్కుతుంటే
పై గదిలోంచి ముందే వినిపిస్తుంది, డౌను.

మా ఇంటి సర్వరు మాత్రం
కుట్టుమిషను కింద, పెడలుకి కొంచెం ఎడంగా ఉంటుంది.
నెట్ సెంటరు మూసేసిన రోజు
ఏడు కంప్యూటర్లు పాత ఇనుముకి తూచి ఇచ్చేశాను,
ఎనిమిదోదానికి చేతులు రాలేదు.
సగం ఊరు పదోతరగతి ఫలితాలు దాన్లోనే చూసుకుంది.
ఎంటర్ మీటలో గుంట పడింది, అన్ని వేళ్లు వణికాయి అక్కడ.

దానికి లైనక్స్ ఎక్కించాను.
ఏ దేశపువాళ్లో, రాత్రిళ్లు కూర్చుని రాసి,
ఇదిగో, విప్పి చూసుకో,
తప్పుంటే దిద్ది నలుగురికీ ఇయ్యి, అన్నారు.
మా వార్డులో కాలవకి ఎంతయిందో
కాగితం చూపించమని అడిగి మూడేళ్లు.
కాలవ కూడా చూపించలేదనుకోండి.

నాకు పార్టీ లేదని కాదు.
ఉంది, రెండుసార్లు మారింది కూడా.
జెండా మారినప్పుడల్లా పథకం పేరు మారింది,
పుస్తకం మీద ఫొటో మారింది, ఆఫీసు గోడకి రంగు మారింది,
రంగేసే కాంట్రాక్టరు మారలేదు.
ఒకరోజు నిద్ర లేచేసరికి మా జిల్లాయే మారిపోయింది,
శ్రీకాకుళంలో పడుకుని విజయనగరంలో లేచాం.
నన్నెవరూ అడిగిన గుర్తు లేదు.

'ఫోన్లో అన్నీ ఊరికే వస్తుంటే
మనకెందుకీ కరెంటు ఖర్చు?' అంటుంది నూకరత్నం.
ఊరికే ఇస్తామన్నవాళ్లని
ఇన్నేళ్లుగా చూస్తున్నాం కదా, అన్నాను.
తను మాట్లాడలేదు.
పెడలు తొక్కుతూ కాలితో ప్లగ్గు లాగేసింది.
మా ఇంట్లో సర్వరు డౌనయితే కారణం వెతకక్కర్లేదు,
పెళ్లిళ్ల సీజను, జాకెట్లు.

వీధివాళ్ల ఫొటోలుంటాయి అందులో, పొలం కాగితాలు,
వచ్చిన ప్రతి ఓటర్ల జాబితా.
మొన్న పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టాను.
తేడా చెప్పే ప్రోగ్రాము ఒకటుంది, చిన్నది.
దానికి కులం తెలీదు, కోపం లేదు.
పోయిన వరస ముందు ఒక అడ్డగీత పెడుతుంది, అంతే.
మా వీధికి పదకొండు అడ్డగీతలు.
వాటిలో ఒకటి లెంక దాలమ్మ, డెబ్భై ఒకటి,
కారణం: మరణం.

దాలమ్మ మా గుమ్మంలోనే కూర్చుని
గోగాకు దూస్తోంది అప్పుడు.
'నాను సచ్చిపోనానేటిరా బాబూ?
ఎప్పుడు పోనాను?
మొన్న మా కోడలితో దెబ్బలాడినాను గదా,
అప్పటికే నేనేటి?'

పదకొండు మందీ ఆటోలు కట్టించుకుని
తాసీల్దారు ఆఫీసుకెళ్లాం.
చచ్చిపోయినవాళ్లు నలుగురు, ఊరొదిలి వెళ్లిపోయినవాళ్లు ఏడుగురు,
అందరూ చెమటలు కక్కుతూ వరసలో.
కౌంటరు దగ్గర పిల్ల తల ఎత్తకుండానే అంది,
సర్వర్ డౌనండి, సోమవారం రండి.
దాలమ్మ గాజుకిటికీ మీద వేలితో కొట్టింది.
'మా ఈదిలో ఒకటున్నాది తల్లీ, తెచ్చీమంటావా?'
ఆ పిల్ల నవ్వింది.
నవ్వుని మాత్రం ఎవరూ ఆపలేదు, అర్జీనే.

సోమవారం వెళ్లాం. బుధవారం కూడా.

రాత్రి కరెంటు పోయింది.
బ్యాటరీ ఇరవై నిమిషాలు ఆగుతుంది,
మిషను కింద ఆకుపచ్చ చుక్క ఒకటి, దాని కూత ఒకటి.
పాలకి వెళ్తూ కిటికీ దగ్గర ఆగింది దాలమ్మ.
రోజూ అడిగేదే.
'ఏరా, నానున్నానా?'

మన దాన్లో ఉన్నావు మామ్మా.
వాళ్ల దాన్లో ఇంకా లేవు.

'అయితే సగం ఉన్నాను' అంది,
గిన్నె చంకన పెట్టుకుని
చీకట్లో పాలు మొత్తం తేడానికి వెళ్లింది.