మనిషికి ఎన్ని మూరలు

కొత్తవాడల కరెంటు పోయిన రాత్రి
నా మనుమరాలు పూర్ణ
సెల్లు లైటు పుస్తకం మీద పెట్టి
పరీక్ష పాఠం పైకి చదువుతున్నది.
నేను జంపఖానా మీద పంజా కొడుతున్న.
కండ్లతోని పనిలేదు, వేళ్లకు తొవ్వ తెలుసు.

"ఒక బానిసకు ఇన్ని గజాల చారల గుడ్డ" అన్నది.
పంజా ఆగింది.
మళ్ల చదువు బిడ్డా, అన్న.

సముద్రం అవతల ఏదో ఒడ్డు మీద
ఓడ దిగినోడు తాన్లు విప్పి పరిచేటోడట.
ఎర్ర చార, నీలి చార.
మన దిక్కు నేసినయి సుత అండ్ల ఉన్నయట.
కొలిచి ఇచ్చి
మనుషుల్ని తోలుకపోయేటోడట.

చెయ్యి చాపి చూసుకున్న,
మోచెయ్యి నుంచి నడిమి వేలి కొస దాక.
మా తాతముత్తాతల కొలత గిదే.
అంగట్ల అమ్మిన ఎద్దు
ఎవని చెల్కల దున్నుతున్నదో అడుగుతమా?
గుడ్డ సంగతి గూడ
అడగలే.

పూర్ణ పేజీ తిప్పింది.
ఆ దొరల దేశంలనే ఒక చట్టముండెనట.
మన చీటి గుడ్డ కట్టిన ఆడామెకు జుర్మానా.
ఇంట్లకు రానియ్యని గుడ్డ పెట్టి
బయట మనుషుల్ని కొన్నరు.
నవ్వొచ్చింది నాకు. నవ్వెంబడి దగ్గు.

తర్వాత వాళ్లకు మర పుట్టింది.
మర పుట్టినంక గేటుతోని ఏం పని?
బేరానికి అడ్డముండొద్దు, తలుపులు తెరువుండ్రి అన్నరు.
తమ తలుపుల కన్న ముందుగాల మనయి తెరిపిచ్చిన్రు.
బానిసల్ని గూడ ఇడిచిపెట్టిన్రు, పుణ్యమే.
నష్టపరిహారం ఇచ్చిన్రట.
ఎవరికి? అన్న.
"యజమానులకు, తాతా."

కొద్దిసేపు ఎవ్వలం మాట్లాడలే.
దోమలు మాట్లాడినయి.

మా ఇంట్ల ఒక ముచ్చట నడుస్తది.
ఎక్కడనో తెల్లోళ్లు తెల్లోళ్లు కొట్టుకున్న ఏడు
పత్తి ధర మొగులుకెక్కిందని,
మా తాతకు తాత చెన్నమల్లు
మగ్గం కట్టెలు పొయ్యిల పెట్టి పత్తి బేరం పట్టిండని,
లడాయి ఆగంగనే ధర కూలి
ఇల్లు కుదువ పెట్టిండని.
ఆ లడాయి బానిసల గురించేనని
ఆయనకు తెల్వదు. నాకు ఈ రాత్రి తెలిసింది.
గొలుసు తెగిన సప్పుడు
మా వాకిట్లకు ధర లెక్కనే వచ్చింది.

లోకమంత తలుపులు తెరిచిన్రంటరు గదా,
మా గడి తలుపు మాత్రం తెరవలే.
ఏటా రెండు జంపఖానాలు వెట్టికి నేసేది మా అవ్వ.
పైసల మాట అటుంచు,
కూసోమని అననోళ్ల కిందికి పరుపు.

మొన్న ఏనుమాముల మార్కెట్టుకు నూలు పనిమీద పోయిన.
ఆత్మకూరు నుంచి వచ్చిన ఓదెలు
పత్తి బస్తా మీద కూసొని తెర దిక్కు చూస్తున్నడు.
తెర మీద అంకె ఏ దేశంల పుట్టిందో ఎవనికెరుక!
తేమ మిషను గుచ్చి ఖరీదుదారు అన్నడు:
ఇష్టముంటే అమ్ము, లేకుంటే తీస్కపో,
నిన్నెవ్వలు ఆపుతలేరు.
నిజమే, ఎవ్వలు ఆపలే.
ఆటో కిరాయి పదకొండు వందలు.

కరెంటు వచ్చింది.
"ఈ మార్పు ఎందుకొచ్చిందని పది మార్కుల ప్రశ్న,
ఏం రాయాలె తాతా?" అన్నది పూర్ణ.
మంచితనం కొంచెం, లెక్క కొంచెం, అన్న.
ఏది ఎంతనో రాయిమన్నరట.
నాకు తెల్వదు బిడ్డా, పండుకో.

రేపు సొసైటీ చక్రపాణి టేపు పట్టుకొని వస్తడు,
ఆరు అడుగులు, తొమ్మిది అడుగులు,
పైదేశపు ఆర్డరు.
పిల్ల నిద్రపోయినంక
నా మోచేతితోని ఒకపారి కొలిచిన.
అడ్డం నాలుగు మూరలు, నిలువు ఆరు.
ఒక మనిషి పండుకుంటే
ఇంకా జాగ మిగులుతది.