చిరుగు

మా వైపు గాలిని మూటగట్టడమంటే
వెర్రివాడి పని.
ఇక్కడ, అటకామా ఎడారి అంచున,
సముద్రానికి ఎనిమిది వందల మీటర్ల ఎత్తున,
ఎదువిహిస్ చోకె ఆ పని మీదే
రోజూ నాలుగింటికి లేస్తుంది.

రెండు కొయ్యల మధ్య నల్లటి వల.
వల కింద నిలువునా చీల్చిన పైపు.
పైపు చివర డ్రమ్ము.
డ్రమ్ము మూతకి తాడేసి కట్టిన నోటుబుక్కు.

వానా?
ఆమెకి యాభై ఏడేళ్లు, మూడుసార్లు చూసింది.
మూడోది ఇంటి కప్పు పట్టుకుపోయింది.
ఇక్కడ నీళ్లంటే పొగమంచే,
సముద్రం మీంచి పాకుతూ వచ్చి
ఎవరినీ పలకరించకుండా కొండ దాటిపోయేది.

మీటర్లు బిగించడానికి వచ్చినవాణ్ణి,
పేజీలు తిప్పాను.
సున్నా. సున్నా. నాలుగు లీటర్లు. సున్నా.
పదకొండు సున్నాల తర్వాత అరవై రెండు,
పక్కన ఎవరో పిల్లాడు గీసిన టమాటా.
మళ్లీ సున్నా.

"నీది మొండి ఆశ" అన్నాను
నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో.
కోపమొచ్చింది ఆమెకి.

"ఆశ మా ఆయన ఫెర్మిన్‌ది.
రేపొస్తుంది, రేపొస్తుంది అంటూ
గుమ్మంలో కూర్చునేవాడు.
వచ్చింది కూడా, ఒక రాత్రి, బోలెడంత.
చిరిగిన వల్లోంచి అలాగే వెళ్లిపోయింది.
రావడం మానడం దాని ఇష్టం.
చిరుగు మాత్రం నాది."

రాత్రి పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ చెప్పాను,
పూర్వం ఒక పండితుడు
సాధ్యమైన లోకాలన్నిట్లోకీ ఇదే మేలైనదని
లెక్కకట్టి తేల్చాడని.
సూదిలో నైలాను దారం ఎక్కిస్తూ
తలెత్తకుండానే అడిగింది:
"ఆయనకి నీళ్లెవరు మోసేవారు?"

నేను నవ్వాను.
ఆమె నిజంగానే అడిగింది.

తెల్లారగట్ల ఇద్దరం కొండెక్కాం.
టార్చి వెలుగులో కొత్త కుట్లు
పాత వల మీద పచ్చగా, వంకరగా.
డ్రమ్ములో వేలు పెట్టి చూసింది.
వేలు పొడిగానే వచ్చింది.

పుస్తకం తెరిచి సున్నా వేసింది,
గబగబా కాదు,
మొదలూ చివరా కలిసేదాకా ఆగి,
వల కన్నంత గుండ్రంగా.

చలికి మీసం తుడుచుకోబోయాను.
"ఆగు" అని చెయ్యి పట్టుకుంది,
టార్చి నా మొహం మీద వేసి
దగ్గరికొచ్చి చూసింది.
వెంట్రుక వెంట్రుకకీ
ఆవగింజంత నీరు.

"లెక్కలోకి రాదులే" అంది,
"దారి మాత్రం మర్చిపోలేదు."