మంచం కింద కంపెనీ

హాస్టల్లో నాలుగో అంతస్తు, చివరి గది.
ఖులాన్ మంచం కింద ఒక కంపెనీ ఉండేది.
ఆస్తులు: రెండు బస్తాల గొర్రె ఉన్ని,
మొండి కత్తెర, పిన్ని ఇచ్చిన కుట్టుమిషను.
అప్పులు: నేను.
నా స్కాలర్‌షిప్పులో మూడోవంతు
ఆ బస్తాల్లోనే మెత్తగా నిద్రపోయేది.

పగలు తను ఉష్ణశాస్త్రం చదివేది.
గోడలోంచి వేడి ఎట్లా జారిపోతుంది,
కిటికీ సందు రాత్రికి ఎంత తింటుంది, ఇవీ లెక్కలు.
బుధవారం సాయంత్రం మాత్రం
రెండు క్రెడిట్ల వ్యాపార పాఠం.
డోల్గోర్సురేన్ మేడం కోటు కూడా విప్పకుండా
"మీ సరుకు ఎవరికి కావాలి? పేర్లు చెప్పండి.
అందరికీ అనేవాళ్లు బయటికి నడవొచ్చు" అంది.
ఖులాన్ లేచి
మా అంతస్తులో పదహారు పేర్లు చెప్పింది
పాదాల సైజులతో సహా.

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
బస్టాపులో నిలబడ్డవాళ్లకి తెలుసు,
చలి ముందు ముఖానికి రాదు.
బూటు కిందనుంచి వస్తుంది,
తలుపు తట్టే మర్యాద లేని బాకీవాడిలా.
అందుకే బూట్లలో పరుచుకునే ఉన్ని అట్టలు.
నలభై జతలు
నాలుగు రోజుల్లో అమ్ముడైపోయాయి.
ఆ రాత్రి మేం డబ్బు మూడుసార్లు లెక్కపెట్టాం,
తప్పు దొరుకుతుందేమోనన్నంత భయంగా.

వారం తిరగలేదు.
మంచు కరిగి, బూట్లు తడిసి,
నడిచి నడిచి, హీటరు మీద ఆరి,
నలభై రెండో నంబరు అట్ట
పసిపిల్ల పాదమంత అయింది.
మా గది ముందు వరస.
లాభం గూబల్లోకి రావడమంటే ఏమిటో
గూబలు గడ్డకట్టే ఊళ్లో నేర్చుకున్నాం.
అందరికీ తిరిగి ఇచ్చేసింది,
రసీదు లేనివాళ్లకి కూడా.

తెల్లారితే పరీక్ష.
నోటుబుక్కులో ఎడమ పేజీ వేడి నష్టం,
కుడి పేజీ డబ్బు నష్టం.
ఎడమదానికి సూత్రం ఉంది.
కుడిదానికి నా ముఖం ఉంది,
పక్క మంచం మీంచి చూస్తూ.
ఏమీ అనలేదు నేను. అనాలనుకున్నవి చాలా ఉన్నాయి.

యాభై రెండు మార్కులొచ్చాయి.
"దుకాణమా, డిగ్రీయా, తేల్చుకో" అన్నాడు
ఉష్ణశాస్త్రం గాన్‌బోల్డ్ సారు.
తను తేల్చుకోలేదు. అడిగింది:
"సార్, ఉన్ని ఎందుకు ముడుచుకుంటుంది?"
ఆయన విసుగ్గా సుద్దముక్క తీశాడు,
విసుగు మరిచిపోయి బోర్డంతా నింపాడు.
వేడి ఒక్కటే కాదు, తడి, రాపిడి.
పోగుకి పొలుసులుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి,
పట్టుకున్నాక వదలవు.
"ముందే కుదించు. ఇక కుదరనంతవరకూ కుదించు.
తర్వాత కత్తిరించు."

హాస్టల్ వాషింగ్ మిషను రాత్రి రెండింటికి మూలిగేది.
మూడో రాత్రి ఉన్ని తూము మింగింది,
నేలమాళిగ అంతా గొర్రెవాసన నీళ్లు.
వార్డెన్ ముప్పై వేల తుగ్రిక్‌లు జరిమానా వేస్తే
ఖులాన్ దాన్ని ఖాతాలో
విద్య ఖర్చు కింద రాసింది.

ముడుచుకున్న నలభై జతల్లో
పదకొండు పిల్లల బడి కొనుక్కుంది.
మిగతావి ఎవరూ కొనలేదు.
మా ఉప్పు టీ కెటిల్ కింద ఒకటుంది,
ఊగే బల్ల కాలి కింద ఇంకొకటి.

చివరి బుధవారం తెర మీద తన అంకె:
నష్టం, రెండు లక్షల పద్నాలుగు వేలు.
వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు.
తను ఆ అంకె కిందనే
ఎక్కడ కారిందో వరసగా చెప్పుకుపోయింది,
ఒక పాత ఇంటి గోడ గురించి చెబుతున్నట్టు:
ఇక్కడ పగులు, ఇక్కడ సందు, ఇక్కడ నేనే తెరిచిపెట్టిన కిటికీ.
మేడం కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుతూ వింది.

ఇప్పుడు మూడో చలికాలం.
మంచం కింద బస్తాలు ఐదు.
డిగ్రీకి ఇంకా రెండు పేపర్లు బాకీ తనకి,
నాకు తను ఇరవై వేలు బాకీ.
వడ్డీ అంటూ పోయిన నెల ఒక జత ఇచ్చింది,
ముప్పై ఏడో నంబరు.
వేసుకున్నాను, తడిశాను, ఆరబెట్టాను.
నంబరు మారలేదు.

అసలు సంగతి అడగాలి ఒకరోజు.
అడుగు ఇంత వెచ్చగా ఉన్నప్పుడు
అడగబుద్ధి కాదు.