రెండొందల బార్లు

"రెండొందల బార్లమ్మా, అంతకు దాటనీయొద్దు"
అన్నాడు ఖాజా సారు.
నాకు తెలిసిన బార్లు వేరు.
బ్రాడీపేటలో ఎన్ని, కొత్తపేటలో ఎన్ని,
మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆ లెక్క నాకు కంఠతా.
ఇది గాలి లెక్కట.
సైకిలు ట్యూబులో ఉండే గాలిని
యాభై రెట్లు కుక్కి కుక్కి
నా మోచేయంత సిలిండర్లో దాచడం.

కంప్రెసరు లక్ష దాటుద్ది.
చేతిపంపు ఆరువేల నాలుగొందలు,
అదీ ఎవరో వాడి వదిలేసింది,
హ్యాండిలుకి ఒకవైపు రబ్బరు లేదు.
మిర్చి యార్డులో
పదహారు రోజుల ముచ్చికల కూలి.

మొదట్లో షారోనే కొట్టుకునేది.
నూట ముప్పై దాకా బానే దిగేది.
ఆ పైన హ్యాండిలు మీద పిల్ల
దండేన ఆరేసిన లంగాలా వేలాడేది.
నలభై ఒక్క కిలోల మనిషిని
గాలి ఎత్తి పక్కన పెట్టేసేది.

"జరుగు" అన్నా.

నేను ఎనభై నాలుగు.
షేరాటోలో నా పక్కన చోటుంటే
నిలబడే వస్తామంటారు జనం.
కాటా దగ్గర గుమాస్తా
"రెండు టిక్కీలు తూగుతావే రూతమ్మా" అన్న రోజున
అందరితో పాటు నవ్వి
రాత్రి అన్నం కుండకి మూత తియ్యలేదు.

పంపు చేతులతో కొట్టేది కాదు.
మోచేతులు బిగబట్టి
ఉన్న బరువంతా హ్యాండిలు మీదికి ఒదిలెయ్యాలి,
పనంతా అయ్యాక మంచం మీద పడ్డట్టు.
ముల్లు కదిలింది.
నూట యాభై. నూట డెబ్భై.
షారోను నన్ను కొత్తగా చూసింది.

యాభై కొట్టి ఆగాలి.
గొట్టం ముట్టుకుంటే అట్లపెనం.
ఆగినప్పుడల్లా తుమ్ముతాను,
పన్నెండేళ్ల ఘాటు ముక్కులోంచి ఊరికే పోదు.
"నీ కారం నా తుపాకీలోకి పోద్దే" అంటుంది.
పోనీలే, అంటాను.

ఒకసారి పంపు బిగుసుకుందని
వంటనూనె రెండు చుక్కలు వెయ్యబోయా.
ఖాజా సారు సీసా లాక్కుని ఒకటే కేకలు.
ఆ ఒత్తిడికి నూనె లోపలే అంటుకుంటుందట.
అంత ఇరుకులో పెడితే ఏదైనా మండుద్దని
నాకు తెలీక కాదు.
నూనె సంగతే తెలీదు.

పోటీ విజయవాడలో.
పంపుని పాత చీరలో చుట్టి
ప్యాసింజరు బండిలో ఒళ్లో పెట్టుకున్నా.
ఏంటది, అన్నాడు రైల్వే పోలీసు.
గాలి పంపు.
లారీకా?
మా అమ్మాయికి.

హాల్లో పది గజాల అవతల
చిల్లి కాసంత కూడా లేని నల్ల చుక్క.
టప్.
ఇంతేనా?
నా నడుం, నా చంకల చెమట,
తువ్వాలు పిండిన రోజులు
ఇంత చిన్న చప్పుడుకా?

కూర్చుని లెక్కేశా,
గుండుకి నావి రెండు పోట్లు.
టప్, రెండు. టప్, రెండు.
ముప్పై ఏడోది పక్కకి పోయింది.
నా రెండూ గోడ పాలు.
షారోను తుపాకీ దించి, కళ్లు మూసుకుని
ఏదో మింగింది.
మళ్లీ ఎత్తింది.

పదకొండో స్థానం.
బయటికొచ్చి
"ఇంకా నూట పది మిగిలిందమ్మా" అంది,
చిల్లర లెక్క చెప్పినట్టు.
ఉంచు, అన్నా. పాడవదు.

తిరుగు బండిలో సీటు దొరికింది.
కృష్ణ మీద బండి దడదడలాడుతుండగానే
నా భుజం మీద నిద్రపోయింది,
మోచేతులు బిగబట్టకుండా
ఉన్న నలభై ఒకటీ ఒదిలేసి.

నంబూరు దగ్గర తుమ్మొచ్చింది.
ఆపుకున్నా.